ఒక్క మనిషి, ఒక స్టూలు, బోలెడంతమంది యూదులు: సోలో నాటకాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాటకాల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిసినప్పుడు యూదు అస్తిత్వం మీద ఒక్కరే నటించే షోల గురించి నేను మొదలుపెడతాను, వాళ్లు ప్రశ్నలు మొదలుపెడతారు. ప్రతిసారీ దాదాపు అవే ప్రశ్నలు. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరుసగా చదవక్కర్లేదు, కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

సోలో థియేటర్ అంటే మన ఏకపాత్రాభినయమేనా?

సగం అవును. స్కూల్ వార్షికోత్సవంలో అట్ట గద పట్టుకుని దుర్యోధనుడి డైలాగులు దంచేసే పిల్లాడిది కూడా ఒక్కడి నాటకమే. కాకపోతే అక్కడ మనిషీ ఒక్కడే, పాత్రా ఒక్కటే. నేను చెప్పబోయే షోల్లో ఒక్కరే పదిహేడు మందిగానో ఇరవై మందికి పైగానో మారుతుంటారు, లేదంటే ఏ వేషమూ వేయకుండా తన సొంత పేరుతోనే నిలబడి తన ఇంటి సంగతి చెప్తారు. ఆ లెక్కన చూస్తే మన హరికథే దీనికి దగ్గర చుట్టం. ఆదిభట్ల నారాయణదాసు గారు నిలబెట్టిన పద్ధతిలో దాసు గారే రుక్మిణి, దాసు గారే కృష్ణుడు, మధ్యలో కథ ఆపి ముందు వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన మీద ఒక చతురు వేసేది కూడా ఆయనే. అలా పాత్ర నుంచి పాత్రకి దూకడం, ఎదురుగా కూర్చున్నవాళ్లతో సూటిగా మాట్లాడడం న్యూయార్క్ షోలకి కూడా ప్రాణం. నిడివి మామూలుగా డెబ్బై నుంచి తొంభై నిమిషాలు, ఇంటర్వెల్ ఉండదు, స్టేజీ మీద ఒక స్టూలు, మంచినీళ్ల సీసా ఉంటే గొప్ప.

మరి స్టాండప్ కామెడీకీ దీనికీ తేడా ఏంటి?

గీత చాలా సన్నగా ఉంటుంది, కొంతమంది దాని మీదే బతుకుతారు. జాకీ మేసన్‌ని తీసుకోండి. రబ్బీల, అంటే యూదు మతగురువుల కుటుంబం, ఆయన కూడా రబ్బీ అయ్యి, ఆ పని వదిలేసి కమెడియన్ అయ్యాడు. 1986లో న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో ఒక్కడే నిలబడి యూదులు ఎలా తింటారు, మిగతావాళ్లు ఎలా తింటారు, ఎవరు దేనికి గొణుగుతారు అని గంటలకొద్దీ నవ్వించాడు, మరుసటి ఏడాది టోనీ (బ్రాడ్‌వే నాటకాల అవార్డులు) వాళ్లు ప్రత్యేక అవార్డు కూడా ఇచ్చారు. అది అచ్చంగా జోకుల వరసే, నాటకం అని నేను అనను.

నా పరీక్ష ఒకటుంది. షో మధ్యలోంచి పావుగంట కత్తిరించేయండి. మిగిలింది ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోతే అది స్టాండప్. ఆ పావుగంట లేక ఆఖరి సన్నివేశం అర్థం కాకుండా పోతే అది నాటకం. టికెట్ మీద ఏమని రాశారన్నది అనవసరం.

యూదులంటే ఒక మతం కదా, అందులో 'నేనెవరు' అని ఇంతలా తన్నుకోవడానికి ఏముంది?

అసలు గొడవంతా అక్కడే. యూదు సంప్రదాయ చట్టం ప్రకారం తల్లి యూదురాలైతే బిడ్డ యూదు, లేదా పద్ధతి ప్రకారం మతం పుచ్చుకుని ఉండాలి. అమెరికాలో ఉదారవాద రిఫార్మ్ శాఖ వాళ్లు 1983లో తండ్రి మాత్రమే యూదు అయినా, పిల్లల్ని యూదులుగా పెంచితే సరే అన్నారు. సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకునే ఆర్థడాక్స్ వాళ్లు ఒప్పుకోలేదు. ఇక యూదులు ఎక్కడినుంచైనా వచ్చి స్థిరపడొచ్చని ఇజ్రాయెల్ 1950లో చేసిన చట్టాన్ని 1970లో సవరించి, తాతా నానమ్మల్లో ఒక్కరు యూదులైనా వచ్చి పౌరసత్వం తీసుకోవచ్చు అంది. అంటే ఒకే మనిషి ఇజ్రాయెల్‌కి పౌరుడు కాగలడు, అదే దేశంలో రబ్బీల దగ్గరికి పెళ్లికి వెళ్తే 'నువ్వు యూదువి కాదు' అనిపించుకోగలడు. ఇది ఎవరో అల్లిన కథ కాదు, రోజూ జరిగేదే.

దీనికి తోడు మతమే పట్టని యూదులు ఉన్నారు. ప్యూ రీసెర్చ్ అనే సంస్థ 2020లో చేసిన సర్వేలో అమెరికా యూదు పెద్దల్లో 27 శాతం మంది మాకు మతం లేదు, కానీ మేం యూదులమే అన్నారు. 2010 తర్వాత పెళ్లి చేసుకున్నవాళ్లలో 61 శాతం మందికి భర్తో భార్యో యూదులు కారు. దేవుణ్ణి నమ్మడు, కోషర్ (మతం ఒప్పుకున్న తిండి) తినడు, సినగాగ్‌కి (యూదుల ప్రార్థనా మందిరానికి) పోడు, భార్య కాథలిక్, అయినా ఎవరైనా యూదుల్ని ఒక మాట అంటే ఒళ్లు మండిపోతుంది. మరి ఆయనెవరు? ఈ ప్రశ్నకి పది మంది నటుల్ని స్టేజీ ఎక్కించి తలా ఒక వాదన ఇచ్చి చర్చ పెట్టొచ్చు, పెట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ పది మందీ ఒకే మనిషిలో ఉన్నారు, అందుకే ఒక్కరే చేసినప్పుడు విషయం సరిగ్గా కుదురుతుంది. నేను ఈ పేజీలో మళ్లీ మళ్లీ చెప్పబోయేది ఇదే, విసుగొస్తే క్షమించండి.

ఒక్కటే చూసే టైముంది. ఏది చూడమంటారు?

అలెక్స్ ఎడెల్మన్ 'జస్ట్ ఫర్ అస్'. ఆలోచించక్కర్లేదు.

కథ ఇది. బోస్టన్‌లో ఆర్థడాక్స్ యూదు ఇంట్లో పెరిగిన కుర్రాడు. ఆన్‌లైన్‌లో తనని తిట్టే యూదు ద్వేషులు ఎవరెవరా అని చూస్తూ చూస్తూ, న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో శ్వేతజాతివాదుల మీటింగ్ ఉందని తెలుసుకుని, అక్కడికి వెళ్లి కూర్చుంటాడు. మీరు ఊహించేది ఏంటంటే ధైర్యవంతుడైన యూదు యువకుడు శత్రువుల గుహలోకి వెళ్లి వాళ్ల బండారం బయటపెట్టాడు అని. జరిగేది అది కాదు. అక్కడ కూర్చున్న కాసేపటికే వీడికి వాళ్లకి నచ్చాలనిపిస్తుంది! పజిల్ ముక్కలు పేర్చుకుంటున్న ముసలావిడకి సాయం చేస్తాడు, ఒక అమ్మాయి మీద మనసు పడతాడు, తనని అసహ్యించుకునే గదిలో అందరి మెప్పూ పొందాలని తాపత్రయపడతాడు. నవ్వొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది, ఎందుకంటే మనం కూడా అలాంటి గదుల్లో అలాగే నవ్వుతూ కూర్చున్నాం.

ఆ మీటింగ్ కథలోంచి మధ్యమధ్యలో చిన్నప్పటి ఇంటికి వెళ్తాడు. అయినవాళ్లని పోగొట్టుకున్న క్రైస్తవ స్నేహితురాలు ఒంటరిగా ఉందని వాళ్లమ్మ ఒక ఏడాది ఇంట్లో క్రిస్మస్ చేయాలని పట్టుబడుతుంది. ఆర్థడాక్స్ ఇంట్లో క్రిస్మస్! పిల్లలు ఆ సంగతి మతపాఠశాలలో చెప్పేసరికి అక్కడినుంచి ఫోన్. ఈ భాగం షోలో అన్నిటికంటే నవ్వించేది, చాలామంది దాన్ని కేవలం కామెడీ ట్రాక్ అనుకుని వదిలేస్తారు. నాకు మాత్రం షో మొత్తానికి ఇరుసు అదే అనిపిస్తుంది. అమ్మ చూపించిన దయకీ క్వీన్స్‌లో కొడుకు చూపించిన 'దయ'కీ తేడా ఏంటి, పక్కవాడి బాధ అర్థం చేసుకోవడం ఎక్కడ ఆగి పిరికితనం ఎక్కడ మొదలవుతుంది అన్నది అతను ఎక్కడా ఉపన్యాసంగా చెప్పడు. ఆ రెండు కథల్ని పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు. ఇంకోటి, యూదులు తెల్లవాళ్లా కాదా అన్న ప్రశ్న. అమెరికాలో తెల్లవాళ్లు అతన్ని తమలో కలుపుకోరు, మిగతావాళ్ల కళ్లకి మాత్రం అతను తెల్లవాడే. ఆ ఇరకాటాన్ని ఇంత తేలిగ్గా చెప్పిన షో ఇంకోటి నాకు తెలీదు.

2018లో మెల్‌బోర్న్, ఎడిన్‌బరా ఉత్సవాల్లో మొదలైంది, 2023 వేసవిలో బ్రాడ్‌వేకి చేరింది. మధ్యలో ఐదేళ్లు చెక్కుతూనే ఉన్నారు. మొదటినుంచీ వెన్నంటి ఉన్న దర్శకుడు ఆడమ్ బ్రేస్ బ్రాడ్‌వే ప్రారంభానికి కొన్ని వారాల ముందే 43 ఏళ్లకి చనిపోయాడు. 2024లో ఈ షోకి ప్రత్యేక టోనీ, రచనకి టీవీ అవార్డు ఎమ్మీ వచ్చాయి.

అన్నీ హోలోకాస్ట్ (నాజీలు యూదుల్ని ఊచకోత కోయడం) ఏడుపు కథలేనా? మనసు బాగోకుండా పోతుందని భయం.

ఆ భయం అర్థమవుతుంది, ఏడిపించడమే పనిగా పెట్టుకున్నవి కూడా లేకపోలేదు. లీసా క్రాన్ '2.5 మినిట్ రైడ్' చూస్తే ఆ భయం పోతుంది. 1999లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో ఆడింది. వాళ్ల నాన్న చిన్నతనంలో జర్మనీ నుంచి బయటపడి అమెరికా వచ్చాడు, ఆయన అమ్మానాన్నలు నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్‌లో హతమయ్యారు. కూతురు ఆయన్ని తీసుకుని ఆష్‌విట్జ్ వెళ్తుంది. ఇదొక కథ. అదే కుటుంబం ఒహాయోలో సీడర్ పాయింట్ అనే అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్తుంది, గుండెజబ్బు ఉన్న ముసలి నాన్న రోలర్ కోస్టర్ ఎక్కుతానంటాడు. ఇదింకో కథ. ఆవిడ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి, ఒక్కోసారి వాక్యం మధ్యలోనే, జారిపోతుంటుంది.

ఇందులో ఒక ఎత్తుగడ నాకు భలే ఇష్టం. ఆవిడ స్లైడ్ షో వేస్తూ 'ఇదిగో మా నాన్న, ఇదిగో మా ఇల్లు' అని తెర మీద పాయింటర్‌తో చూపిస్తుంది. తెర మీద వెలుగు తప్ప ఏమీ ఉండదు. ఒక్క ఫోటో కూడా లేదు! ఆష్‌విట్జ్ ఫోటోలు ప్రపంచమంతా వేలసార్లు చూసేసింది, ఇంకోసారి చూపిస్తే మన కళ్లు అలవాటుగా తడుస్తాయి, అంతే. ఖాళీ తెర చూపిస్తే ఎవరికి వాళ్లు బొమ్మ కట్టుకోవాలి.

మార్టిన్ షెర్మన్ రాసిన 'రోజ్' ఇంకో రకం. 1999లో లండన్ నేషనల్ థియేటర్‌లో ఒలింపియా డుకాకిస్ చేసింది. ఎనభై ఏళ్ల ముసలావిడ బల్ల మీద కూర్చుని ఉంటుంది, లేవదు. షివాలో ఉంది, అంటే యూదులు దగ్గరివాళ్లు పోతే ఏడు రోజులు పాటించే మైల లాంటిది. ఉక్రెయిన్ పల్లె, వార్సా గెట్టో, శరణార్థుల ఓడ, అమెరికా, ఇరవయ్యో శతాబ్దం మొత్తం ఆవిడ ఒంట్లోంచి నడిచిపోతుంది. ఎవరు పోయారని షివా పాటిస్తోందో చివర్లో తెలుస్తుంది. ఇక్కడ చెప్తే మీరు నన్ను తిట్టుకుంటారు.

పాటలు, సంగీతం ఇష్టమైతే మోనా గోలబెక్ 'ద పియానిస్ట్ ఆఫ్ విల్లెస్‌డెన్ లేన్' ఉంది. నాజీల నుంచి యూదు పిల్లల్ని తప్పించిన రైల్లో వియన్నా నుంచి లండన్ చేరిన తన తల్లి కథని ఆవిడ పియానో వాయిస్తూ తల్లి గొంతుతో చెప్తుంది. కథ ఆగిన చోట వాయిద్యం అందుకుంటుంది.

యూదులు కానివాళ్లు ఈ పాత్రలు వేయొచ్చా?

దీని మీద ఎవర్ని కదిపినా గొడవే. 'గోల్డా' సినిమాలో ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయిర్‌గా హెలెన్ మిరెన్‌ని తీసుకున్నప్పుడు బ్రిటిష్ యూదు నటి మొరీన్ లిప్‌మన్ అభ్యంతరం చెప్తే పత్రికలన్నీ దాని మీద పడ్డాయి.

నా అభిప్రాయం ఎటుందో చెప్పేస్తా. ఈ విభాగం మొత్తంలో నేను చూసిన అత్యుత్తమ పని ఒక నల్లజాతి క్రైస్తవ కుటుంబపు ఆడమనిషి చేసింది. అనా డెవియర్ స్మిత్, 'ఫైర్స్ ఇన్ ద మిర్రర్', 1992. నేపథ్యం తెలియాలి కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. బ్రూక్లిన్‌లో క్రౌన్ హైట్స్ అనే పేట. లుబావిచ్ అనే ఆర్థడాక్స్ శాఖ యూదులూ, కరీబియన్ నుంచి వచ్చినవాళ్లతో సహా నల్లజాతి వాళ్లూ పక్కపక్క వీధుల్లో ఉంటారు. 1991 ఆగస్టు 19న లుబావిచ్ మతపెద్ద కాన్వాయ్‌లోని ఒక కారు అదుపు తప్పి గావిన్ కేటో అనే ఏడేళ్ల నల్లజాతి పిల్లాణ్ణి చంపేసింది. కొన్ని గంటలకే ఒక గుంపు యాంకెల్ రోజెన్‌బామ్ అనే 29 ఏళ్ల యూదు విద్యార్థిని పొడిచింది, అతనూ చనిపోయాడు. ఆస్ట్రేలియా నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు. అల్లర్లు రోజుల తరబడి సాగాయి.

స్మిత్ టేప్ రికార్డర్ పట్టుకుని రెండు వైపులా తిరిగింది. రబ్బీలు, పేటలో కుర్రాళ్లు, ఉద్యమ నాయకులు, పిల్లాడి తండ్రి, చనిపోయిన విద్యార్థి అన్న. వాళ్లు అన్నది అన్నట్టుగా, నత్తి, దగ్గు, సగంలో ఆగిన మాటతో సహా స్టేజీ మీద చెప్పింది. సొంతంగా ఒక్క డైలాగు రాయలేదు. టోపీ మారుతుంది, కళ్లజోడు మారుతుంది, గొంతు మారుతుంది, శరీరం అదే. ఇప్పుడే నల్లజాతి నాయకుడి కోపం పలికిన నోటితోనే ఆ వెంటనే యూదు ఇల్లాలి భయం పలుకుతుంది. కూర్చున్నవాళ్లు ఒకవైపు చేరిపోదామంటే కుదరదు. ఒక భాగం మొత్తం జుట్టు గురించే. పెళ్లయ్యాక విగ్గు పెట్టుకోవాల్సిన లుబావిచ్ ఆవిడ తన విగ్గు గురించి, నల్లజాతి ఉద్యమ నాయకుడు అల్ షార్ప్‌టన్ తన జుట్టు అలా ఎందుకు దువ్వుకుంటాడో దాని గురించి. అల్లర్లకీ జుట్టుకీ సంబంధం ఏంటని మొదట అనిపిస్తుంది. చూశాక మళ్లీ అలా అనిపించదు.

కాబట్టి నా జవాబు: వేయొచ్చు, కానీ అంత వినగలిగితేనే. వినకుండా యాస, ముక్కు, చేతులు తిప్పడం పట్టుకుంటే వెక్కిరింపు అవుతుంది. కెనడాకి చెందిన మార్క్ లైరెన్-యంగ్ 1996లో రాసిన 'షైలాక్' అనే ఏకపాత్ర నాటకం ఈ ప్రశ్నని తిరగేసి అడుగుతుంది. అందులో షేక్‌స్పియర్ నాటకంలోని యూదు వడ్డీవ్యాపారి షైలాక్‌ని దుర్మార్గుడిగానే నటించిన యూదు నటుణ్ణి సొంత జనమే తిట్టిపోస్తారు. అతను నాటకం అయిపోయాక వేషం తీయకముందే ప్రేక్షకుల ముందుకొచ్చి వాదించుకుంటాడు. యూదు అయితే చాలదన్నమాట, 'మంచి' యూదుగా కూడా నటించాలట!

సగం యూదుల సంగతేంటి?

రెయిన్ ప్రయర్ షో చూడండి. రిచర్డ్ ప్రయర్ పేరు వినే ఉంటారు, అమెరికా నల్లజాతి కమెడియన్లలో రారాజు. ఆయన కూతురు. తల్లి యూదు. షో పేరు 'ఫ్రైడ్ చికెన్ అండ్ లాట్కెస్'. లాట్కెలంటే హనుక్కా పండక్కి చేసే బంగాళాదుంప అట్లు. నాన్న వైపు నల్లజాతి పెద్దావిడ, యూదు అమ్మమ్మ, నాన్న, అందర్నీ తనే చేస్తుంది, పాడుతుంది. చట్టం ప్రకారం తల్లి యూదు కాబట్టి ఈవిడ నూటికి నూరు పాళ్లు యూదు. వీధిలో నడుస్తుంటే ఆ సంగతి ఎవరికీ కనపడదు. ఆ ఇద్దరు పెద్దావిడలూ ఒకే మొహంలో వచ్చిపోతుంటే 'సగం' అనే మాటే తేలిపోతుంది.

మతం మీద ఏమాత్రం నమ్మకం లేనివాళ్ల షోలు ఉన్నాయా?

జాష్ కార్న్‌బ్లూత్. అమ్మానాన్నలు న్యూయార్క్ కమ్యూనిస్టులు, ఇంట్లో దేవుడి మాటే లేదు. (మన బెజవాడ కమ్యూనిస్టు కుటుంబాల్లో పుట్టినవాళ్లకి ఈయన బాగా నచ్చుతాడు.) ఆండీ వార్హోల్ 1980లో ఐన్‌స్టీన్, ఫ్రాయిడ్, కాఫ్కా, గోల్డా మేయిర్ ఇలా పది యూదు బొమ్మలు వేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో యూదు మ్యూజియం వాళ్లు ఆ బొమ్మల మీద ఏదైనా చేయమంటే, ఈయన వాటి ముందు నిలబడి 'వీళ్లతో నాకేంటి సంబంధం' అని మొదలుపెట్టి చివరికి తన గురించే తవ్వుకుంటూ పోయాడు. చమత్కారం ఏంటంటే ఆ తర్వాత యాభై దాటాక, యూదు మగపిల్లలు పదమూడేళ్లకి చేసుకోవాల్సిన బార్ మిత్స్వా వేడుక చేసుకుని, దాని మీద ఇంకో షో చేశాడు.

ఇజ్రాయెల్, పాలస్తీనా గురించి మాట్లాడతారా, లేక తప్పించుకుంటారా?

తప్పించుకునేవాళ్లే ఎక్కువ, టికెట్లు అమ్ముడవ్వాలి కదా. తప్పించుకోని వాటిలో ఆరన్ డేవిడ్‌మన్ 'రెజ్లింగ్ జెరూసలేం' ముఖ్యమైనది. పదిహేడు పాత్రలు: ఇజ్రాయెలీలు, పాలస్తీనియన్లు, అమెరికా యూదులు. అందర్నీ తనే చేస్తాడు. మొదట్లోనే ఈ గొడవ ఎప్పుడు మొదలైంది అని ఏళ్లు వరుసగా చెప్పుకుంటూ పోతాడు, ఎవరిని అడిగితే వాళ్లు వేరే ఏడు దగ్గర్నుంచి మొదలుపెడతారు కాబట్టి. డేవిడ్ హేర్ బ్రిటిష్ నాటకకర్త, యూదు కాదు. ఆ ప్రాంతానికి వెళ్లొచ్చి 1998లో 'వియా డోలోరోసా' రాసి, నటుడు కాకపోయినా తనే స్టేజీ ఎక్కాడు. చూసొచ్చిన మనిషే చెప్తున్నాడు అన్నది అందులో బలం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడడంతో సహా. ఐరిస్ బార్ చేసిన షో టెల్ అవీవ్‌లో ఒక కెఫేలో జరుగుతుంది. ఒక్కొక్కరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగానే బాంబు పేలుతుంది, మళ్లీ ఇంకొకరు మొదలు.

'గోల్డాస్ బాల్కనీ' గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నా వాదనకి పనికొస్తుంది కాబట్టి. విలియం గిబ్సన్ 1977లో గోల్డా మేయిర్ మీద బోలెడంతమంది నటులతో, ఆన్ బాంక్రాఫ్ట్‌ని గోల్డాగా పెట్టి నాటకం వేశాడు. ఆడలేదు. పాతికేళ్ల తర్వాత అదే రచయిత అదే మనిషి కథని ఒక్క నటికి, టోవా ఫెల్డ్‌షూకి, తిరగరాశాడు. 2003లో మొదలై బ్రాడ్‌వేలో 493 ఆటలు ఆడింది, ఒక్క నటే చేసే నాటకాల్లో అక్కడ అదే రికార్డు. అరబ్బు దేశాలతో 1973లో జరిగిన యుద్ధంలో అణ్వాయుధం తీయాలా వద్దా అన్న రాత్రి ఆవిడ బుర్రలో జరిగేది బయటికి వినపడాలంటే చుట్టూ మంత్రులుగా వేషాలేసినవాళ్లు అడ్డమే. నాటకంగా గట్టిది. రాజకీయంగా మాత్రం నాకు ఇబ్బందే, ఎందుకంటే గోల్డాకి ఎదురు చెప్పగలిగిన పాలస్తీనా గొంతు అందులో లేదు. సోలో నాటకానికి ఉన్న పెద్ద రోగం ఇదే. స్టేజీ మీద ఇంకెవరూ ఉండరు కాబట్టి 'ఆగు, నువ్వు చెప్పేది తప్పు' అనేవాడు ఉండడు. ఆ అనేవాణ్ణి కూడా తన ఒంట్లోకి తెచ్చుకున్నవాళ్లవే మంచి నాటకాలు అవుతాయి. స్మిత్, డేవిడ్‌మన్ చేసింది అదే.

యూదు అమ్మల జోకులు బాగుంటాయంటారు కదా?

బాగుంటాయి, ఇరవై నిమిషాలు. ఫోన్ చేయవు, తినలేదు, డాక్టర్ని చేసుకోలేదు... మన ఇళ్లలో వినేదే, పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. ఈ సరుకుతోనే బతికే షోలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోను. ఒక్క జూడీ గోల్డ్ మాత్రం వేరు. ఆవిడ తన అమ్మతోనే ఆగకుండా దేశమంతా తిరిగి యాభై మందికి పైగా యూదు తల్లుల్ని ఒకే రకం ప్రశ్నలు అడిగింది. జవాబులు విన్నాక 'యూదు అమ్మ' అనే మూస తనంతట తనే పగిలిపోతుంది. జూడీ తనూ ఇద్దరు పిల్లల తల్లే, లెస్బియన్. తన అమ్మ ఆ సంగతి ఎలా మింగిందో లేదో అన్నది కూడా షోలో ఉంది.

ఇదంతా అమెరికా వాళ్ల కొత్త సరదానా, వెనక సంప్రదాయం ఏమైనా ఉందా?

ఉంది. తూర్పు యూరప్ యూదు పెళ్లిళ్లలో బద్ఖన్ అని ఒకాయన ఉండేవాడు, అప్పటికప్పుడు పద్యాలు కట్టి పెళ్లికూతుర్ని ఏడిపించి, చుట్టాల్ని నవ్వించేవాడు. ఊరూరా తిరిగి కథలతో ధర్మం చెప్పే మగ్గిద్‌లు ఉండేవాళ్లు. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో రాసిన షోలెం అలేకెం తన కథల్ని తనే చదివి వినిపిస్తూ పట్టణాలు తిరిగాడు, జనం విరగబడి వచ్చేవాళ్లు. 1908లో అలాంటి పర్యటనలోనే బరనోవిచిలో రక్తం కక్కుకుని పడిపోయాడు, క్షయ. ఒక్క గొంతుతో ఊరంతా పలకడం ఆయన కథల్లోనే ఉంది, వాటిలో చాలా వరకు ఎవరో ఒకరు ఆపకుండా మాట్లాడుతున్నట్టే ఉంటాయి.

తెలుగు యూదులు ఉన్నారట, నిజమేనా? వాళ్ల మీద ఏదైనా నాటకం ఉందా?

నిజమే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమూహం ఉంది. మాదిగ నేపథ్యం ఉన్న కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు, తాము ఇజ్రాయెల్ తప్పిపోయిన గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం సంతతి అని చెప్తారు. 1990ల మొదట్లో సినగాగ్ పెట్టుకున్నారు, షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వారపు విశ్రాంతి దినం) పాటిస్తారు, తెలుగులో మాట్లాడతారు, హీబ్రూలో ప్రార్థిస్తారు. ముంబై వైపు బెనె ఇజ్రాయెల్ వాళ్లు ఎన్నో తరాలుగా యూదులుగా బతికినవాళ్లు, వాళ్లని కూడా అన్ని విధాలా యూదులే అని ఇజ్రాయెల్ పార్లమెంటు ప్రకటించడానికి 1964 దాకా పట్టింది, అదీ వాళ్లు ధర్నాలు చేశాక. ఈశాన్యంలో బ్నే మెనాషేలకి 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు గుర్తింపు ఇచ్చారు. కొత్తరెడ్డిపాలేనికి అలాంటిది దొరకలేదు.

వాళ్ల మీద సోలో నాటకం నా కంటపడలేదు, కానీ పడాలని గట్టిగా ఉంది. ఊళ్లో ఒకళ్లు కులం పేరుతో చూస్తారు, సర్టిఫికెట్ ఇంకో మతం అంటుంది, బయటనుంచి వచ్చిన రబ్బీ రుజువేదని అడుగుతాడు, ఇంట్లో శుక్రవారం సాయంత్రం దీపం వెలిగిస్తారు. ఇవన్నీ ఒకే మనిషి మోస్తున్నప్పుడు స్టేజీ మీద ఇంకో నటుడు ఎందుకు? ఒక షరతు: బయటివాళ్లు వెళ్లి వాళ్ల వింతని చూపించే నాటకం రాయొద్దు, దయచేసి. ఆ ఊరి పిల్లో పిల్లాడో రాయాలి, లేదా స్మిత్‌లాగా టేపు పెట్టి, అనుమతి అడిగి, అన్నమాట అన్నట్టు చెప్పాలి.

నేను యూదుని కాను, కానీ నా అస్తిత్వం మీద ఇలాంటిదే రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?

'నేను ఫలానా' అని తెలిసిన చోట మొదలుపెట్టకండి. ఇరుక్కున్న చోట మొదలుపెట్టండి. డాలస్‌లో పుట్టిన తెలుగు అమ్మాయి, గల్ఫ్ నుంచి వెనక్కొచ్చిన కరీంనగర్ ఆయన, చర్చికీ కాలేజీ ఫారంకీ వేరు వేరు పేర్లున్న కుర్రాడు, ఎవరైనా సరే, మీరు ఏమనాలో తెలీక నవ్వేసిన సందర్భం ఒకటి ఉంటుంది. అది రాయండి. తర్వాత మీకు అస్సలు నచ్చని మనిషికి మీ షోలో అన్నిటికంటే మంచి వాక్యం ఇవ్వండి. ఇది చేయలేకపోతే అప్పుడే స్టేజీ ఎక్కొద్దు.

ఒక్కరి నాటకమే కదా అని ఒక్కరే చేసుకోకండి. దర్శకుడు కావాలి, 'ఇక్కడ బోర్ కొడుతోంది' అని మొహం మీద చెప్పేవాడు కావాలి. ఇంట్లోవాళ్ల గురించి రాస్తే వాళ్లకి ముందే చదివి వినిపించండి, తర్వాత సంక్రాంతికి ఇంటికెళ్లాలి కదా. ముప్ఫై మంది పట్టే గదిలో మొదలుపెట్టి, ఎక్కడ నవ్వారో ఎక్కడ ఫోన్లు తీశారో గుర్తుపెట్టుకుని మార్చుకుంటూ పొండి. ఎడెల్మన్‌కి ఐదేళ్లు పట్టిందని పైన చెప్పాను.

యిడ్డిష్, హీబ్రూ మాటలు రాకపోతే అర్థమవుతాయా?

అవుతాయి. షివా, కోషర్, షబ్బాత్, సెదర్ తెలిస్తే చాలు. పాసోవర్ పండగ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని ఈజిప్టు నుంచి బయటపడిన కథ చదువుకుంటూ చేసే భోజనమే సెదర్. మిగతావి సందర్భంలోనే తెలిసిపోతాయి.

ఇంట్లో కూర్చుని చూసే దారి ఉందా?

కొన్నిటికి ఉంది. 'జస్ట్ ఫర్ అస్' హెచ్‌బీఓ రికార్డు చేసి 2024లో విడుదల చేసింది. 'ఫైర్స్ ఇన్ ద మిర్రర్' 1993లో అమెరికా పబ్లిక్ టెలివిజన్ కోసం చిత్రీకరించారు. 'గోల్డాస్ బాల్కనీ', 'రెజ్లింగ్ జెరూసలేం', 'వియా డోలోరోసా' సినిమా రూపంలో ఉన్నాయి. '2.5 మినిట్ రైడ్' స్క్రిప్ట్ పుస్తకంగా వచ్చింది, పైకి చదువుకుంటే సగం షో చూసినట్టే. న్యూయార్క్ వైపు ఉన్నవాళ్లు 42వ వీధిలో థియేటర్ రోలో జరిగే యునైటెడ్ సోలో ఉత్సవం ప్రోగ్రాం ఒకసారి తిరగేయండి, ఒంటరి నాటకాలకే పెట్టిన ఉత్సవం అది, 2010 నుంచి నడుస్తోంది. వీలైతే ముందు వరసలో కూర్చోండి. కునుకు తీస్తే మాత్రం వాళ్లూ వదలరు.